రక్తములోని ఇనుము - మెదడు చిత్రము

"రక్తములో ఇనుము ఉన్నది కదా! అంత పెద్ద అయస్కాంతములో పరుండినచో ప్రమాదము లేదా?" అని ఎం.ఆర్.ఐ. పరీక్షకు వచ్చువారిలో కొందరు సందేహింతురు. ఈ సందేహము సహజమైనదే. దీనికి సమాధానము తెలిసికొన్నచో భయము తొలగుటయేగాక, ఆ యంత్రము మెదడును ఎట్లు చూపుచున్నదో కూడ బోధపడును.

రెండు విధముల రక్తము

మేకులోని ఇనుప పరమాణువులు దగ్గరదగ్గరగా చేరి, అయస్కాంతము సమీపించగానే ఒక్కుమ్మడిగా ఒకే దిశకు తిరుగును. కావున అది బలముగా లాగబడును. రక్తములోని ఇనుము అట్టిది కాదు. ఎర్ర రక్తకణములందలి హీమోగ్లోబిన్ అణువు ఒక్కొక్కదానిలో ఇనుప పరమాణువులు నాలుగే కలవు. అవియును విడివిడిగా నుండును. 1936వ సంవత్సరమున లైనస్ పాలింగ్, చార్లెస్ కోరియెల్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఒక విశేషమును ప్రకటించిరి. ప్రాణవాయువును మోయుచున్న హీమోగ్లోబిన్ అయస్కాంతముచే స్వల్పముగా వికర్షింపబడును; ప్రాణవాయువును విడిచిన హీమోగ్లోబిన్ స్వల్పముగా ఆకర్షింపబడును. ఈ బలములు అత్యల్పములు; పరీక్షాయంత్రములో రక్తప్రవాహమునకు వీనివలన హాని కలుగదు.

మెదడు పనిచేయు వేళ

ఎం.ఆర్.ఐ. యంత్రము శరీరములోని నీటియందలి హైడ్రోజన్ కేంద్రకముల సంకేతములను గ్రహించి చిత్రము నేర్పరచును. ప్రాణవాయువును విడిచిన రక్తము తన చుట్టునున్న అయస్కాంత క్షేత్రమును కొంచెము చెదరజేయును. అచట సంకేతము త్వరగా క్షీణించును.

మెదడు బరువు శరీరపు బరువులో నూటికి 2 పాళ్లు మాత్రమే. అయినను శరీరము వినియోగించు ప్రాణవాయువులో సుమారు 20 పాళ్లు దానికే కావలెను. మనము వ్రేళ్లు కదల్చినపుడు, ఆ పనిని నడపు మెదడు భాగమునకు రక్తము అవసరమునకు మించి వచ్చును. తడి కోరిన మడికి కాలువ నిండుగా పారినట్లుండును. అందుచే ప్రాణవాయువు లేని హీమోగ్లోబిన్ అచట తగ్గి, సంకేతము నూటికి కొద్ది పాళ్లు హెచ్చును. ఈ సూత్రమును సీజీ ఒగావా, ఆయన సహచరులు 1990లో ఎలుకలలో నిరూపించిరి. 1992లో మానవులలో ఫలితములు వెలువడెను. నేడు మెదడులోని కంతిని తొలగించుటకు ముందు, మాటకును కదలికకును ఆధారమైన భాగములను గుర్తించుటకు వైద్యులు దీనిని వాడుచున్నారు.

రక్తము చిందినపుడు

నాళము చిట్లి మెదడులో చేరిన రక్తము ప్రాణవాయువును కోల్పోయి, క్రమముగా రూపము మార్చుకొనును. దాని ఇనుము కొన్నియెడల సంవత్సరములకొలది నల్లని మచ్చగా చిత్రములో కనబడును. పక్షవాతము నాళము పూడుటవలనను రావచ్చును, చిట్లుటవలనను రావచ్చును. గడ్డను కరగించు మందు మొదటిదానికి మేలు చేయును. రెండవదానికి ప్రాణాంతకము కాగలదు. కావుననే మందుకు ముందు సి.టి. గాని ఎం.ఆర్.ఐ. గాని తీయుదురు. ముఖము వంకరపోయినను, చేయి వాలిపోయినను, మాట తడబడినను "కొంతసేపు చూతము" అని జాగుచేయరాదు. లక్షణములు ఆరంభమైన వేళను గుర్తుంచుకొని, రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

పరీక్షకు ముందు

గుండెకు పేస్‌మేకర్, తలలో లోహపు క్లిప్పు, కంటిలో లోహపు రవ్వ ఉన్నచో తప్పక తెలుపవలెను. నగలు, తాళపుచెవులు, గడియారము వెలుపలనే ఉంచవలెను. రక్తములోని ఇనుమునకు భయపడనక్కరలేదు. శరీరములో నున్న లోహమును మాత్రము వైద్యునికి చెప్పక దాచరాదు.