బంపర్ ధరకే బేరం ముగించొద్దు

వెనక నుంచి కారు వచ్చి గుద్దితే, దుమ్ము సర్దుకోకముందే రోడ్డు మీద ఒక బేరం మొదలవుతుంది. "బంపరే కదన్నా పోయింది, ఐదు వేలు కొడతా, కేసులెందుకు?" అంటాడు గుద్దినవాడు. వెనక హారన్లు, ముందు ఆఫీసు టైము. ఫోన్లో డబ్బు పడుతుంది, ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. మర్నాడు పొద్దున మంచం మీంచి లేవబోతే మెడ తిరగదు. స్కానింగు, బెల్టు, రెండు వారాల విశ్రాంతి అంటాడు డాక్టరు. అప్పటికి ఆ కారు నంబరు కూడా మన దగ్గర ఉండదు.

ఒక్క గుద్దుతో జరిగే నష్టాలు మూడు: బండికి, ఒంటికి, జీతానికి. మూడింటినీ అడగాల్సిన చోట్లు వేరు, చూపాల్సిన కాగితాలు వేరు. వీటిని కలగలిపి బంపర్ ధరకే తెగ్గొట్టుకోవడమే ఉద్యోగస్తులు ఎక్కువగా నష్టపోయే చోటు.

తప్పు ఎవరిది?

"వెనకవాడిదే తప్పు" అనే మాట చాలావరకు నిజం. ముందు బండి హఠాత్తుగా ఆగినా ఢీకొట్టకుండా ఆపుకోగలిగినంత దూరం వదలాలని 1989 నాటి రోడ్డు నిబంధనలే చెప్పాయి. ఎంత దూరమో అందులో కొలత లేదు. 2018లో సుప్రీంకోర్టు ఒక కేసులో, రోడ్డు, వాతావరణం బాగున్నప్పుడు కనీసం రెండు మూడు సెకన్ల ఎడం అనే లెక్క చెప్పింది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. అంటే వదలాల్సింది 44 నుంచి 66 మీటర్లు. ఆ కేసులో లారీ వెనక కారు పది పదిహేను అడుగుల దూరంలోనే వచ్చింది. లారీ సడన్ బ్రేక్ వేసిందన్న వాదన నిలవలేదు, తప్పు కారు నడిపినవాడిదేనని తేలింది.

అలాగని ముందువాడికి ఏ బాధ్యతా లేదనుకోవద్దు. కోయంబత్తూరులో 2017లో ఒక కారు హైవే మీద సిగ్నల్ ఇవ్వకుండా ఆగింది. వెనక వస్తున్న బైకు దాన్ని తగిలి పడింది, ఆ వెనక బస్సు బైకు నడిపిన విద్యార్థి మీదుగా పోయింది. 2025లో సుప్రీంకోర్టు కారుకు 50 శాతం, బస్సుకు 30 శాతం, దూరం పాటించని బైకుకు 20 శాతం బాధ్యత పంచింది. మీ వైపు తప్పు ఎంతుందని తేలితే మీ పరిహారంలో అంత కోత పడుతుంది. కాబట్టి మీ బ్రేకు లైట్లు వెలిగాయా, ఎందుకు ఆగారు అన్నవి ఎదుటి లాయరు తప్పక అడిగే ప్రశ్నలు.

మూడు బండ్లు వరసగా గుద్దుకుంటే మధ్యవాడి పరిస్థితి చిక్కు. తాను ముందే ఆగానని, వెనకవాడు నెట్టడం వల్లే ముందు కారుకు తగిలానని చూపించుకోవాలి. ముందు కారువాళ్లకు దెబ్బ ఒకసారి తగిలిందా రెండుసార్లు తగిలిందా అన్న సాక్ష్యం అక్కడ కీలకం.

మొదటి గంటలో

ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు 108కి ఫోను. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా ఉంది. పెద్ద గాయాలు లేకపోతే, బండ్లు పక్కకు తీసేలోపే ఫొటోలు తీయండి: రెండు నంబరు ప్లేట్లు, బండ్లు నిలిచిన తీరు, బ్రేకు గుర్తులు, ఎదురుగా సిగ్నలు. గుద్దిన బండి నంబరు కొడితే ఎంపరివాహన్ యాప్‌లో ఇన్సూరెన్సు ఉందో లేదో కనిపిస్తుంది. చూసినవాళ్ల ఫోను నంబరు ఒక్కటైనా తీసుకోండి. డాష్‌క్యామ్ వీడియోను వెంటనే వేరే చోట దాచండి. దుకాణాల సీసీ కెమెరా ఫుటేజీ కొద్ది రోజుల్లో చెరిగిపోతుంది కాబట్టి దాన్ని సేకరించమని పోలీసులను రాతపూర్వకంగా అడగండి.

ఆస్పత్రిలో "కాలు జారి పడ్డాను" అని చెప్పొద్దు. రోడ్డు ప్రమాదం అని చెబితేనే మెడికో లీగల్ కేసు, అంటే ఎంఎల్‌సీ నమోదవుతుంది. తర్వాత ప్రతి కాగితం ఆ మొదటి చీటీ మీదే నిలబడుతుంది. మెడ, నడుము నొప్పి మర్నాడు బయటపడినా అదే రోజు వెళ్లి చూపించుకోండి. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద ప్రమాద బాధితులకు గుర్తింపు ఉన్న ఆస్పత్రుల్లో ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు లేని వైద్యం అందుతుంది.

గాయం ఉంటే ఎఫ్ఐఆర్ తప్పనిసరి అనుకోండి. నిర్లక్ష్యపు డ్రైవింగుకు భారతీయ న్యాయ సంహితలో 281, గాయపరచినందుకు 125 సెక్షన్లు ఉన్నాయి. 2022 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పోలీసులు తొలి నివేదికను 48 గంటల్లో, పూర్తి నివేదికను 90 రోజుల్లో మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌కు పంపాలి. వాటి ప్రతులు అడిగి తీసుకోండి.

బండి నష్టం

మీకు ఫుల్ ఇన్సూరెన్సు ఉంటే త్వరగా పనయ్యేది మీ కంపెనీ దగ్గరే. వెంటనే సమాచారం ఇవ్వండి. సర్వేయరు చూడకముందు షెడ్డులో ఏ భాగమూ విప్పనివ్వొద్దు. అయితే ఈ దారిలో నో క్లెయిమ్ బోనస్ పోతుంది, ప్లాస్టిక్ భాగాల మీద తరుగు కోస్తారు. చిన్న మరమ్మతైతే పోయే బోనసెంత, వచ్చే డబ్బెంత అని లెక్క వేసుకున్నాకే క్లెయిమ్ పెట్టండి.

మీది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే అయితే మీ కంపెనీ మీ బండికి ఏమీ ఇవ్వదు. గుద్దిన కారు థర్డ్ పార్టీ పాలసీలో ఎదుటివారి ఆస్తి నష్టానికి మామూలుగా ఏడున్నర లక్షల దాకా రక్షణ ఉంటుంది. దాన్ని ట్రిబ్యునల్ ద్వారానే అడగాలి.

ఒంటి నష్టం

ఇది మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లో తేలాల్సిన విషయం. కోర్టు వరండాల్లో దీన్ని ఓపీ వేయడం అంటారు. ప్రమాదం జరిగిన చోటే వేయనక్కర్లేదు, మీరు ఉంటున్న ఊరి పరిధిలోనూ వేయొచ్చు. కాకినాడ మనిషికి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ప్రమాదం జరిగితే వాయిదాలకు హైదరాబాద్ తిరగాల్సిన పని లేదు.

2022 ఏప్రిల్ నుంచి మోటారు వాహనాల చట్టం దీనికి ఆరు నెలల గడువు పెట్టింది. దానిమీద సవాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. గడువు పోతుందన్న ఆశతో ఆగకుండా ఆరు నెలల్లోపే వేయండి.

తప్పు ఎవరిదో నిరూపించనక్కర్లేని దారి ఒకటి అదే చట్టం 164వ సెక్షన్‌లో ఉంది: మరణిస్తే 5 లక్షలు, తీవ్ర గాయమైతే రెండున్నర లక్షలు. కంపెనీ ఇచ్చే ఆ సొమ్మును ఒప్పుకుంటే ట్రిబ్యునల్‌లోని మీ పిటిషన్ ముగిసిపోతుంది. అసలు నష్టం అంతకన్నా ఎక్కువ ఉంటుందనిపిస్తే సంతకానికి ముందు లాయరును అడగండి. గుద్ది పారిపోయిన బండి ఏదో తేలకపోతే ప్రభుత్వ పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు వస్తాయి.

జీతం నష్టం

ఇక్కడే ఉద్యోగస్తులు అశ్రద్ధ చేస్తారు. ఆస్పత్రి బిల్లులు ఫైల్లో పెడతారు, పోయిన సెలవుల సంగతి మరిచిపోతారు. జీతం స్లిప్పులు, ఫారం 16, వాడిన సెలవుల వివరంతో హెచ్ఆర్ ఇచ్చిన లేఖ జతచేయండి. క్యాబ్ నడిపేవారు యాప్‌లోని ట్రిప్పుల లెక్క, బ్యాంకు స్టేట్‌మెంటు తీసి పెట్టుకోవాలి.

శాశ్వత లోపం మిగిలితే, సర్టిఫికెట్‌లోని వైకల్యం శాతమూ సంపాదన నష్టం శాతమూ ఒకటి కాదని 2010లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చెయ్యి పోతే డ్రైవరు బతుకుతెరువే పోవచ్చు, గుమాస్తా కొలువు నిలవొచ్చు. మీ పనిలో ఆ అవయవం అవసరం ఎంతో రాతపూర్వకంగా చూపించండి.

ఈఎస్‌ఐ ఉన్నవారికి ఇంటికీ పనికీ మధ్య దారిలో జరిగిన ప్రమాదం, సమయం, చోటు పనితో ముడిపడి ఉంటే, 2010 నుంచి ఉద్యోగ గాయంగా లెక్కకు వస్తుంది. కాబట్టి యాజమాన్యానికి ఆలస్యం చేయకుండా తెలపండి. డ్యూటీలో ఉన్న డ్రైవరు ఉద్యోగి పరిహారం అడగొచ్చు, లేదా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. రెండూ నడపడానికి మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు.

లాయరు, రాజీ

"డబ్బులొచ్చాక ఇంత శాతం ఇవ్వండి" అనే ఒప్పందం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. ఫీజు ముందే మాట్లాడుకోండి. ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకం పెట్టొద్దు. ఇలాంటి కేసులు లోక్ అదాలత్‌లో తొందరగా తెగుతాయి, కానీ అక్కడి తీర్పు మీద అప్పీలు లేదు. చికిత్స పూర్తయి, ముందు ముందు ఖర్చెంతో డాక్టరు చెప్పాకే ఆ బల్ల దగ్గర కూర్చోండి.

రోడ్డు మీదే రాజీ పడాలనిపిస్తే, రాసే కాగితంలో "ఇది బండి మరమ్మతుకు మాత్రమే" అన్న ఒక్క వాక్యం చేర్చండి. "ఇక ఏ క్లెయిమూ లేదు" అని రాసుంటే సంతకం చేయకండి. ఎదుటివాడు మంచివాడే కావచ్చు, కానీ మీ మెడకు ఏమైందో ఆ క్షణాన అతనికీ తెలియదు, మీకూ తెలియదు.