రికార్డుపై లేని పేర్లు: పాత జాజ్ సంగీతం నేర్పే పరిశోధన పాఠం

ఒక చాటుపద్యం దొరికినప్పుడు “ఇది ఎవరిది?” అని విచారించడం సాహిత్య విద్యార్థికి ప్రథమ కర్తవ్యం. వేమన మకుటంతో ప్రచారంలో ఉన్న పద్యాలన్నీ వేమన చెప్పినవే అని ఏ పండితుడూ ప్రమాణం చేయలేడు. మకుటాన్ని ఎవరైనా తగిలించవచ్చును. గ్రామఫోను రికార్డుకు కూడా అటువంటి మకుటమే ఒకటి ఉన్నది. అది రికార్డు నడుమ అంటించిన గుండ్రని కాగితపు లేబుల్. దానిపై కంపెనీ పేరు, పాట పేరు, మేళనాయకుని పేరు ఉంటాయి. నాయకునితో కలిసి వాయించిన ఐదారుగురి పేర్లు పాత రికార్డులపై సాధారణంగా కనిపించవు. వారెవరో తేల్చడం ఎట్లు? అమెరికా దేశపు తొలినాటి జాజ్ రికార్డులను ఆధారం చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలింపదలచాము.

జాజ్ అనునది న్యూ ఆర్లియన్స్ నగరంలో ప్రధానంగా నల్లజాతి కళాకారుల చేతిలో రూపుదిద్దుకొన్న సంగీతం. ఆ నగరం నుండి షికాగో చేరిన జో ‘కింగ్’ ఆలివర్ కార్నెట్ అనే ఇత్తడి ఊదుడు వాద్యంలో దిట్ట. 1923 ఏప్రిల్ 5, 6 తేదీలలో ఆయన మేళం ఇండియానా రాష్ట్రంలోని రిచ్మండ్ పట్టణంలో జెన్నెట్ కంపెనీవారికి మొదటిసారి రికార్డులిచ్చింది. అందులో రెండవ కార్నెట్ పట్టిన 21 ఏండ్ల యువకుడే తరువాత జగత్ప్రసిద్ధుడైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. మన పెండ్లి బ్యాండు మేళాలలో మనమెరిగిన క్లారినెట్‌ను జానీ డాడ్స్, జారుడు గొట్టం గల ట్రాంబోన్‌ను ఆనరే డ్యూట్రే, పియానోను లిల్ హార్డిన్, డ్రమ్ములను బేబీ డాడ్స్, బాంజోను బిల్ జాన్సన్ వాయించారు. లేబుల్‌పై ఆలివర్ మేళమని మాత్రమే ఉండగా ఇందరి పేర్లు మనకు తెలియడానికి కారణం పరిశోధకుల కృషి. ఈ కృషికి డిస్కోగ్రఫీ అని పేరు. ఫ్రెంచివాడైన షార్ల్ డెలోనే 1936లో ప్రకటించిన ‘హాట్ డిస్కోగ్రఫీ’ ఈ రంగంలో మార్గదర్శకమైన గ్రంథం.

పరిశోధకునికి లభించే సాక్ష్యాలలో మొదటిది మాట్రిక్స్ సంఖ్య. లేబుల్ అంచున, గాళ్లు ముగిసిన నున్నని చోట, చెక్కినట్లుగా చిన్న సంఖ్య కనిపిస్తుంది. కంపెనీ చిట్టాలు మిగిలి ఉన్నచో, ఆ సంఖ్యను బట్టి రికార్డు ఏ తేదీన, ఏ ఊరిలో తయారైనదో తెలుస్తుంది. తేదీ ఎంత ముఖ్యమో ఒక్క ఉదాహరణతో గ్రహింపవచ్చును. ఆలివర్ మేళం ‘డిప్పర్‌మౌత్ బ్లూస్’ అనే గతిని ఏప్రిల్‌లో జెన్నెట్‌కు, అదే సంవత్సరం జూన్‌లో ఓకే కంపెనీకి వాయించింది. మేళం అదే, గతి అదే, సంవత్సరమూ అదే. కాని జూన్ రికార్డులో బాంజో వాయించినది బిల్ జాన్సన్ కాదు, బడ్ స్కాట్. ఏప్రిల్ జాబితాను జూన్ రికార్డుకు అతికించినవాడు ఒకరి శ్రమను మరొకరి ఖాతాలో వ్రాసినవాడవుతాడు.

రెండవది ఛాయాచిత్రం. మేళంలో ఎవరున్నారో అది చెబుతుంది, కాని రికార్డులో ఏమి వాయించారో చెప్పదు. బిల్ జాన్సన్ అసలు నిలువెత్తు బాస్ వాద్యానికి ప్రసిద్ధుడు, జెన్నెట్ రికార్డులో మాత్రం బాంజో వాయించాడు. ఆనాడు మైక్రోఫోను లేదు. పెద్ద కొమ్ములోనికి వాయిస్తే ఆ ధ్వని సూదిని కదిపి మైనపు పలకపై గీత గీసేది. పెద్ద డ్రమ్ము దెబ్బకు సూది చెదరే ప్రమాదం ఉన్నందున డ్రమ్ముల వాద్యకారుడు తరచుగా చెక్కదిమ్మెలతో సరిపెట్టుకొనేవాడు. కావున చిత్రంలోని వాద్యం వినబడలేదని ఆ మనిషే లేడనుట పొరపాటు.

మూడవది చెవి. ‘చైమ్స్ బ్లూస్’లోని కార్నెట్ ఏకవాద్యం ఆర్మ్‌స్ట్రాంగ్‌దనీ, ‘డిప్పర్‌మౌత్ బ్లూస్’లో మూతతో స్వరాన్ని మార్చి పలికించిన ఏకవాద్యం ఆలివర్‌దనీ శైలిని బట్టి గుర్తించగలుగుతాము. కాని పేరుపడిన కళాకారుని వెనుక అనుకర్తలు బయలుదేరుతారు. తిక్కన శైలిలో ఉన్నంత మాత్రాన పద్యం తిక్కనది కానట్లే, చెవి ఒక్కటే ప్రమాణం కాదు.

నాలుగవది వాద్యకారుల జ్ఞాపకం. ఇది అమూల్యమైనది, అయినను నలుబది ఏండ్ల తరువాత అడిగితే ఒక రోజు మరొక రోజుతో కలిసిపోతుంది. కనుక జ్ఞాపకాన్ని ఐదవ సాక్ష్యంతో సరిచూడాలి. ఆ మనిషి ఆ దినం అక్కడ ఉండగలడా అనేదే ఆ ఐదవది.

ఇక్కడ హదీసు శాస్త్రం చదివిన మన విద్యార్థులకు ఒక పరిచిత విషయం గుర్తుకు రావాలి. ఎవరి నుండి ఎవరు విన్నారన్న పరంపరను ఇస్నాద్ అంటాము. ఆ పరంపరలోని వ్యక్తులు ఎప్పుడు జీవించారు, ఎక్కడ నివసించారు, ఒకరినొకరు కలుసుకొన్నారా అని విచారించేది రిజాల్ శాస్త్రం. ఇరువురి కలయిక రుజువు కావాలని ఇమాం బుఖారీ పట్టుబట్టారు. జాజ్ పరిశోధకులు తమకు తెలియకుండానే ఈ బాటనే నడిచారు. 1927 మే నెలలో షికాగోలో ఆర్మ్‌స్ట్రాంగ్ ‘హాట్ సెవెన్’ పేరిట ఇచ్చిన రికార్డులలో ట్రాంబోన్ కిడ్ ఓరీదని చాలాకాలం వ్రాస్తూ వచ్చారు. కాని ఆ సమయంలో ఓరీ ఆలివర్ మేళంతో న్యూయార్క్‌లో ఉన్నట్లు తేలింది. ఇద్దరి కలయికే అసాధ్యమైనప్పుడు పేరు ఎంత గొప్పదైనా నిలువదు. నేడు అత్యధికులు ఆ వాద్యకారుడు జాన్ థామస్ అని అంగీకరిస్తున్నారు.

లేబుల్ కావాలనే మరుగుపరచే సందర్భాలు కూడా ఉన్నాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ ఓకే కంపెనీతో ఒడంబడికలో ఉండగానే, 1926లో ఆయన ‘హాట్ ఫైవ్’ మేళం వొకాలియన్ కంపెనీకి ‘లిల్స్ హాట్ షాట్స్’ అనే మారుపేరుతో వాయించింది. లేబుల్‌ను మాత్రమే నమ్మినవాడు అక్కడ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను చూడలేడు.

ఈ శ్రమ అంతా ఎందుకని ప్రశ్నింపవచ్చును. 1923 అక్టోబరులో ఆలివర్ మేళం జెన్నెట్‌కు ఇచ్చిన ‘జూలూస్ బాల్’ రికార్డు సంఖ్య 5275. లోకంలో దానికి తెలిసిన ప్రతి ఒక్కటే. లక్కతో చేసిన ఆ పళ్లెం చేయిజారితే పగులుతుంది. అందులో వాయించినవారి శ్రమకు మిగిలిన సాక్ష్యం అంతమాత్రమే. ఆలివర్ అంతటివాడు 1938లో జార్జియా రాష్ట్రంలో పేదరికంలో కన్నుమూశాడు. నాయకుని గతే అట్లుండగా ప్రక్కవాద్యకారుల మాట చెప్పనేల? వారికి ఆనాడు దక్కినది స్వల్పం. నేడు మనం ఇవ్వగలిగిన ప్రతిఫలం వారి పేరు ఒక్కటే. పొరపాటు పేరు వ్రాయడం ఆ చివరి ప్రతిఫలాన్ని కూడా అపహరించడమే. సాక్ష్యం చాలని చోట “అజ్ఞాత వాద్యకారుడు” అని వ్రాయడానికి వెనుదీయరాదు. ఖాళీ స్థలాన్ని రేపు ఎవరైనా నింపగలరు. తప్పు పేరు కూర్చున్న స్థలాన్ని తిరిగి ఎవరూ వెదకరు.

ఇది దూరదేశపు ముచ్చట మాత్రమే కాదు. కవ్వాలీ రికార్డుపై ప్రధాన గాయకుని పేరు చదువుతాము. ఢోలక్ వాయించినవారు, చప్పట్లతో తాళం వేసి వంత పాడినవారు ఎవరు? బుర్రకథకు షేక్ నాజర్ పేరు ఆంధ్రదేశమంతటా తెలుసు. ఆయనకు ఇరుప్రక్కల నిలిచిన వంతల పేర్లు మనలో ఎందరు చెప్పగలరు?

కావున విద్యార్థులకు మా విన్నపం ఇది. మీ ఇండ్లలో పాత రికార్డులున్నచో వాటి సంఖ్యలను వ్రాసుకొనండి. వాయించిన పెద్దలు జీవించి ఉండగానే వారిని అడిగి, విన్న తేదీతో సహా పుస్తకంలో నమోదు చేయండి. మన కళాశాల వార్షికోత్సవపు ఛాయాచిత్రం వెనుక ఎడమ నుండి కుడికి అందరి పేర్లూ వ్రాయండి. చివరి వరుసలో నిలుచున్నవారినీ, కుర్చీలు సర్దినవారినీ విడువకండి. అర్ధశతాబ్దం తరువాత ఆ చిత్రాన్ని చేతికి తీసుకొనే ఒక అపరిచిత పరిశోధకుడు మీకు కృతజ్ఞుడై ఉంటాడు.