బొగ్గు దారుల్లో దూరప్రయాణపు సైకిల్

ప్రశ్న: గోదావరిఖనిలో సింగరేణి ఉద్యోగిని. సెలవుల్లో మంథని, కాళేశ్వరం వైపు నాలుగైదు రోజులు సైకిల్‌పై తిరగాలనుంది. ఎలాంటిది కొనాలి?

జవాబు: గేర్ల లెక్క తర్వాత, ముందు ఫ్రేమ్ చూడండి. స్టీలుది కాస్త బరువే, కానీ విరిగితే ఊళ్లో వెల్డరైనా ఇల్లు చేరేదాకా అతికిస్తాడు. అల్యూమినియానికి అంత సులువు కాదు. వెనక చక్రానికి 36 స్పోకులు, 38-40 మి.మీ. టైర్లు, క్యారియర్ బిగించే రంధ్రాలు ఉండాలి. షాపులోనే సంచులు తగిలించి తొక్కండి. మడమ వాటికి తగిలితే ఆ బండి వద్దు. ముందు షాకబ్జార్బర్లంటారా, నన్నడిగితే దండగ. లావు టైరు చాలు. చైనుకు నూనె వేశాక పైపైది పొడిగుడ్డతో తుడిచేయండి. లేదంటే టిప్పర్లు రేపే బొగ్గుదుమ్ము నూనెలో కలిసి పళ్లను అరగదీస్తుంది.