కడుపులో వేసే స్టెంటు

స్టెంటు అనగానే మనలో చాలామందికి గుండె గుర్తొస్తుంది. కడుపులోనూ స్టెంటు వేస్తారు. సహాయం కోరే అర్జీలో ఆ మాట కనిపిస్తే, మన డబ్బు దేనికి పోతుందో దాతలకు తెలియాలి కదా అని ఈ పాఠం రాస్తున్నాం.

తిన్న అన్నం జీర్ణాశయంలో నలిగి, కింది ద్వారం గుండా ఆంత్రమూలంలోకి దిగుతుంది. డాక్టర్లు దీన్ని డ్యుయోడినమ్ అంటారు. పన్నెండు వేళ్ల వెడల్పు అన్న కొలత నుంచి ఆ పేరు వచ్చింది. ఒకప్పుడు పాత అల్సర్ మచ్చకట్టి ఈ దారి ఇరుకయ్యేది. మంచి మందులు వచ్చాక అది తగ్గింది. ఇప్పుడు ఎక్కువగా జీర్ణాశయ క్యాన్సరో, పక్కనున్న క్లోమం క్యాన్సరో దారి మూసేస్తోంది. నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది. గంటల తర్వాత తిన్నది తిన్నట్టే వాంతవుతుంది. 'గ్యాస్' అనుకుని నెలల తరబడి మాత్రలు మింగేవాళ్లు మన బస్తీల్లో తక్కువేం కాదు.

గడ్డను తీసివేసే దశ దాటిపోతే, పొట్ట కోసి చిన్నపేగును జీర్ణాశయానికి కలిపి పక్కదారి వేయడం పాత పద్ధతి. ఇప్పటికీ చేస్తారు. స్టెంటుకు కోత లేదు. ముందు ముక్కు గొట్టంతో కడుపు ఖాళీ చేస్తారు. నోటి గుండా ఎండోస్కోపు దింపి, ఇరుకులోంచి సన్నని తీగ పంపుతారు. ఎక్స్‌రేలో కనిపించే మందు వదిలి, అడ్డు ఎంత పొడవుందో తెరమీద చూసి, ఆ తీగ మీదుగానే స్టెంటును నడిపిస్తారు. వెళ్లేటప్పుడు అది సుమారు 3 మిల్లీమీటర్ల గొట్టంలో ముడుచుకుని ఉంటుంది. వదిలాక ఒకటి రెండు రోజుల్లో 2 సెంటీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. కాటేదాన్ ఫ్యాక్టరీల్లో ఇనుము, రేకు వంచేవారికి ఇది వింతే: నికెల్, టైటానియం కలిసిన ఈ నిటినాల్ లోహాన్ని ఎంత నలిపినా, ఒంటి వేడికి ముందు నేర్పిన ఆకారానికే తిరిగొస్తుంది. మా పిల్లలకు చెప్పిన పాఠం కూడా అలా నిలిస్తే ఎంత బాగుండు!

దీనితో క్యాన్సర్ నయం కాదు. నెదర్లాండ్స్‌లో 39 మంది రోగులపై జరిపి 2010లో ప్రచురించిన పరిశోధనలో, స్టెంటు వేసినవారు త్వరగా తినగలిగారు. కొంతకాలం గడిచాక మాత్రం ఆపరేషన్ అయినవారే మెరుగ్గా తిన్నారు. రెండు నెలలు, అంతకుమించి బతుకుతారనుకునేవారికి ఆపరేషనే మేలని ఆ డాక్టర్లు తేల్చారు. అంటే స్టెంటు ఎక్కువగా అక్కరకొచ్చేది మిగిలిన రోజులు బాగా తక్కువున్నవారికి, కోతకు తట్టుకోలేనివారికి. మరి బతకని మనిషికి ఇంత ఖర్చెందుకని కొందరు అడుగుతారు. ఆకలి వేస్తున్నా గుక్కెడు జావ నిలవని మనిషి, సెలైను సీసా వదిలి ఇంటికొచ్చి తనవాళ్ల మధ్య కూర్చుని తాగగలగడం మా లెక్కలో ఇవ్వదగిన ఖర్చే.

ఈ విద్య మన నగరానికి దూరంగా లేదు. ఎండోస్కోపీలో పేరుగాంచి, 2025లో పద్మవిభూషణ్ అందుకున్న డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి నెలకొల్పిన ఏఐజీ ఇక్కడే ఉంది. ఉస్మానియా, నిమ్స్‌లలోనూ జీర్ణకోశ విభాగాలున్నాయి. అర్జీ వస్తే ముందు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను పథకం వర్తిస్తుందేమో అడిగించాలి. తర్వాత డాక్టరును అడగాలి: అడ్డు ఒక్కచోటేనా, కింది పేగుల్లోనూ ఉందా? అక్కడా ఉంటే పైన వేసిన స్టెంటు వల్ల ఫలితం ఉండదు.

ఇంటివాళ్లకు ఒక మాట చెప్పి పంపాలి. మొదట ద్రవాలు, తర్వాత మెత్తని కిచిడీ. పీచు కూరలు, సరిగా నమలని మాంసం ముక్కలు గొట్టాన్ని మళ్లీ మూసేస్తాయి.