పొద్దున నడిచాం కదా, ఇక కూర్చోవచ్చా?

మా తాతయ్యకి 72 ఏళ్లు. రోజూ పొద్దున్నే అరగంట నడిచొస్తారు. ఆ తర్వాత కాఫీ, పేపరు, టీవీ. భోజనానికి లేస్తే లేచినట్టు, మళ్లీ కుర్చీలోనే. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి. సంక్రాంతి సెలవుల్లో "మధ్యమధ్యలో లేచి తిరగండి తాతయ్యా" అన్నాను. "పొద్దున నడిచొచ్చాను కదరా, ఇవాళ్టి కోటా అయిపోయింది" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. కాలేజీకి వచ్చాక వెతికితే, సగం జవాబు మన ఫ్లూయిడ్ మెకానిక్స్ పుస్తకంలోనే ఉంది.

ముందు లండన్ బస్సుల సంగతి. అప్పట్లో అక్కడి డబుల్ డెక్కర్ బస్సుల్లో డ్రైవర్ రోజంతా కూర్చునేవాడు, కండక్టర్ రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కేవాడు. జెర్రీ మోరిస్ అనే డాక్టర్ ఇద్దరినీ పోల్చి 1953లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. గుండెజబ్బు డ్రైవర్లలోనే ఎక్కువగా కనిపించింది. అయితే ఉద్యోగంలో చేరేటప్పటికే డ్రైవర్ల నడుము కొలతలు పెద్దవని యూనిఫామ్ లెక్కల్లో తర్వాత తేలింది. అంటే తేడా అంతా కూర్చోవడం వల్లే అనడానికి లేదు. అయినా ఈ విషయంలో పరిశోధనలకు దారి తీసింది మాత్రం ఆ బస్సులే.

ఇప్పుడు మన సబ్జెక్టు. రక్తనాళం మామూలు పైపు కాదు. లోపలి గోడకి ఎండోథీలియం అనే ఒక్క కణం మందం పొర ఉంటుంది. రక్తం పారుతూ గోడని రాసుకున్నప్పుడు కలిగే షియర్ స్ట్రెస్‌ని ఆ పొర గుర్తుపట్టి నైట్రిక్ ఆక్సైడ్ వదులుతుంది. దాంతో నాళం వదులై వెడల్పవుతుంది. ఈ వాయువు రక్తనాళాల్లో సంకేతంలా పనిచేస్తుందని కనుక్కున్నందుకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ వచ్చింది. షియర్ స్ట్రెస్ ప్రవాహానికి అనులోమంగా ఉంటుందని మనకి తెలుసు. గంటల తరబడి కూర్చుంటే కాళ్లలో ప్రవాహం తగ్గుతుంది, గోడకి అందే సంకేతమూ తగ్గుతుంది. కొన్ని గంటలు కూర్చోబెట్టి కొలిస్తే కాలి ధమని వెడల్పయ్యే శక్తి తగ్గింది. గంటకోసారి కొద్ది నిమిషాలు నడిపిస్తే ఆ తగ్గుదల ఆగింది. ఇలాంటి ప్రయోగాలు ఎక్కువగా జరిగింది ముసలివాళ్ల మీద కాదు, మన వయసు వాళ్ల మీదే!

మరి పెద్దవాళ్ల సంగతి? వయసుతో ధమని గోడలోని ఎలాస్టిన్ పోగులు దెబ్బతిని, కొల్లాజెన్ వాటా పెరిగి గోడ బిరుసెక్కుతుంది. 1878 నాటి మోయెన్స్–కోర్టెవెగ్ సూత్రం ప్రకారం నాడి తరంగ వేగం గోడ యంగ్స్ మాడ్యులస్ వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. మిగతావి మారకుండా మాడ్యులస్ నాలుగింతలైతే వేగం రెండింతలు. మెడ నుంచి తొడ దాకా కొలిచిన వేగం సెకనుకు 10 మీటర్లు దాటితే డాక్టర్లు ప్రమాద సూచనగా చూస్తారు. బిరుసైన నాళం గుండె దెబ్బని మెత్తగా తీసుకోలేదు కాబట్టి పై బీపీ పెరుగుతుంది, గుండెకి శ్రమ పెరుగుతుంది. క్రమం తప్పక నడిచే పెద్దవాళ్లలో ఈ బిరుసు, ఎండోథీలియం నష్టం తక్కువగా కనిపిస్తాయి.

ఇక కోటా లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 65 దాటినవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థ వ్యాయామం చేయాలి. తాతయ్యది 210 నిమిషాలు. అంటే ఆయన చెప్పింది నిజమే, పాస్! కానీ అందులో ఇంకో రెండు మాటలున్నాయి. వారానికి మూడు రోజులైనా బలాన్ని, బ్యాలెన్స్‌ని పెంచే వ్యాయామం చేయాలి. కూర్చునే సమయం తగ్గించాలి. రోజుకి 16 గంటలు మెలకువగా ఉంటే 960 నిమిషాలు. అందులో నడక 30. మిగిలిన 930 ఎలా గడిచాయన్నది వేరే ప్రశ్న.

పాదాల వాపుకీ ఇక్కడ కొంత సంబంధం ఉంది. పిక్క కండరం నొక్కుకున్నప్పుడల్లా సిరల్లోని రక్తాన్ని పైకి తోస్తుంది, లోపలి కవాటాలు వెనక్కి రానివ్వవు. అచ్చం పంపు, నాన్ రిటర్న్ వాల్వే. కూర్చుంటే ఆ పంపు ఆగుతుంది. కానీ వాపు గుండె, కిడ్నీ సమస్యల వల్లా, కొన్ని బీపీ మాత్రల వల్లా రావచ్చు. అందుకే ముందు డాక్టరుకి చూపించమని అమ్మకి చెప్పాను. నడిస్తే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గుతున్నా చూపించాల్సిందే.

మొన్న ఫోన్‌లో ఇదంతా తాతయ్యకి చెప్పాను. సీరియల్‌లో ప్రకటనలు వచ్చినప్పుడల్లా లేచి పెరటి దాకా వెళ్లొస్తానని ఒప్పుకున్నారు. "సరేగానీ, పొద్దుట్నుంచి ఆ ల్యాప్‌టాప్ ముందు నువ్వెన్నిసార్లు లేచావురా?" అని అడిగారు.

ఆ ఫోన్ కాల్ మిగతాదంతా కారిడార్‌లో నడుస్తూనే మాట్లాడాను.