మిద్దెపై సేద్యము : ఇంటింటి కాయకము

శరణుల దృష్టిలో కాయకమునకు ఎక్కువ తక్కువలు లేవు. శరణులలో ఒక్కలిగ ముద్దయ్య సేద్యము చేసినవాడు. నేడు మన కుటుంబములు అనేకము పల్లె విడిచి పట్టణములందు స్థిరపడినవి. తాతగారు దున్నిన నేల మనకు లేదు. ఉన్నది మిద్దె, వసారా, మెట్ల ప్రక్క గజము స్థలము. ఇట్టివారికి సేద్యకాయకము సాధ్యమా? సాధ్యమే. అయితే విత్తనముతో గాక, మట్టితో ప్రారంభింపవలెను.

పట్టణములో మంచి మట్టి కొనుక్కొనవలసిన వస్తువైనది. దానికి కావలసిన ముడిసరకును మాత్రము ప్రతి ఉదయము మనమే చెత్తబండిలో వేయుచున్నాము. మన నగరములలో పోగగు చెత్తలో సుమారు సగము కుళ్లి ఎరువు కాదగిన తడిచెత్తయే. కూరగాయల తొక్కలు, కాఫీపిప్పి, పూజానంతరము తీసిన పూలు, పత్రి ఇందులో చేరును. చుట్టును రంధ్రములు గల బుట్టలో ఒక పాలు తడిచెత్తకు రెండు పాళ్లు ఎండుటాకులు కలిపి, పుల్లమజ్జిగ గాని పేడనీరు గాని కొద్దిగా చల్లి, వారమునకొకసారి తిరుగవేయవలెను. దుర్వాసన వచ్చినచో తడి ఎక్కువై గాలి తక్కువైనదని గ్రహించి ఎండుటాకులు చేర్చవలెను. రెండు మూడు నెలలలో అది నల్లనై, తొలకరి నేల వాసన గల ఎరువగును.

ఇక మిద్దె సంగతి. ఇచట తొందరపాటు ప్రమాదకరము. అడుగు లోతు మట్టి నింపిన చదరపు మీటరు మడి, నీరు పట్టిన పిమ్మట, సుమారు 500 కిలోలు తూగును. సాధారణ గృహముల మిద్దెలు చదరపు మీటరునకు అదనముగా 150 కిలోల బరువునకే లెక్కకట్టబడుచున్నవి. కావున కప్పుపై నేరుగా మట్టి పోయరాదు. మట్టి, ఎరువు, కొబ్బరిపీచు పొట్టు సమపాళ్లలో కలిపి, తేలికైన తొట్లలో నింపి, గోడలు, దూలములు ఉన్నచోట ఎడముగా ఉంచవలెను. పాత ఇల్లయినచో ముందుగా ఇంజనీరును సంప్రదించుట మేలు.

తోటకూర, పాలకూర, మెంతికూరలకు ఎనిమిది అంగుళముల లోతు చాలును. తోటకూర నెల దినములలో కోతకు వచ్చును. వంగ, టమాటాలకు అడుగు లోతును, దినమునకు ఆరు గంటల ఎండయు కావలెను. పేనుబంక పట్టినచో రసాయనముల జోలికి పోనక్కరలేదు. వేపగింజల పప్పుపొడి 50 గ్రాములు లీటరు నీటిలో రాత్రి నానవేసి, వడగట్టి, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంవేళ చల్లవలెను. తొట్ల క్రింది పళ్లెములలో నీరు నిలువనీయరాదు. డెంగ్యూ దోమ గ్రుడ్డు నుండి రెక్కలు వచ్చువరకు వారము పది దినములే పట్టును.

ఇంత చేసినను, వేసవిలో పది దినములు ఊరికి వెళ్లి వచ్చునప్పటికి తోట ఎండిపోవును. ఒంటరిగా పెంచిన తోటలు ఎన్నో ఇట్లే ముగియును. కావున ఇరుగుపొరుగుల తోడు అవసరము. 1991లో సోవియట్ రాజ్యము కూలిన కాలమున క్యూబా దేశమునకు ఇంధనము, రసాయనిక ఎరువుల రాక బాగుగా తగ్గిపోయినది. రాజధానియగు హవానాలో ప్రజలు ఖాళీ స్థలములందు ఎత్తు మడులు కట్టి, సేంద్రియ ఎరువు నింపి కూరగాయలు పండించిరి. అలమార్ పేటలో 1997లో మొదలైన సహకార తోట ప్రసిద్ధి చెందినది. తిండిగింజల దిగుమతి వారికి తప్పలేదు; కాని పచ్చికూర తమ పేటలోనే దొరికినది. మన మిద్దెతోటయు ఇల్లంతటిని పోషింపజాలదు. ఆ సంగతి తెలిసియే చేపట్టవలెను.

పండినదానిలో పొరుగింటికి ఒక కట్ట ఆకుకూర పోవుటయే ఇచట దాసోహము. మిద్దె లేని అద్దె కుటుంబమునకు రెండు తొట్ల చోటిచ్చుటయు దాసోహమే. దాసోహపు వంటశాల గల మఠములు తమ తడిచెత్తను పెరటిలోనే ఎరువుగా మార్చినచో, వీధిలోని తోటలన్నిటికిని మట్టి లభింపగలదు.

ఈ త్రైమాసికమునకు ఆచరణ :
1. నేటి నుండి తడిచెత్తను వేరుచేసి ఎరువుబుట్ట ప్రారంభించుట.
2. ఎరువు సిద్ధమైన తరువాత రెండు తొట్లలో ఆకుకూర విత్తుట.
3. ఒకరు ఊరికి వెళ్లిన మరియొకరు నీరు పోయునట్లు రెండు ఇండ్లవారు ఒడంబడుట.
4. మొదటి కోతలో ఒక పాలు ఇతరులకిచ్చుట.