పూర్తికాని ఆటకు ప్రథమ స్థానము

2017వ సంవత్సరము మార్చి 23వ తేదీన పబ్‌జీ అను కంప్యూటరు ఆట స్టీమ్ అను ఆన్‌లైన్ దుకాణములో అమ్మకమునకు వచ్చినది. మన విద్యార్థులలో పలువురు తరువాతి కాలమున సెల్‌ఫోనులో ఆడిన పబ్‌జీకి ఇదియే మూలము. నాడు అది పూర్తియైన ఆట కాదు. దక్షిణ కొరియాలోని నిర్మాతలు దానిని ఇంకను దిద్దుచునే యుండిరి. పూర్తిరూపము అదే యేడు డిసెంబరులో గాని వెలువడలేదు. అయినను ఈ నడుమ అది స్టీమ్ అమ్మకాల పట్టికలో వారముల తరబడి ప్రథమ స్థానమున నిలిచినది. నిర్మాణమే ముగియని వస్తువునకు అగ్రస్థానము ఎట్లు దక్కినది? ఆ స్థానము కొనువానికి ఏమి తెలుపును, ఏమి తెలుపదు? విద్యార్థులు తమ జేబు ఖర్చు సొమ్మును ఈ దుకాణములలో వెచ్చించుచున్న ఈ రోజులలో ఇది విచారింపదగిన విషయము.

స్టీమ్‌ను అమెరికాకు చెందిన వాల్వ్ సంస్థ 2003లో ప్రారంభించినది. నిర్మాణములోనున్న ఆటలను అమ్ముటకై 2013 మార్చిలో ‘ఎర్లీ యాక్సెస్’ అను విభాగమును 12 ఆటలతో తెరచినది. అంతకు ముందే స్వీడన్ దేశపు మైన్‌క్రాఫ్ట్ 2009 నుండి అసంపూర్ణ దశలోనే తక్కువ ధరకు అమ్ముడుపోవుచు, 2011 నవంబరులో పూర్తియగు నాటికి 40 లక్షల మంది కొనుగోలుదారులను సంపాదించుకొన్నది. బయానా ఇచ్చి పని చేయించుకొనుట మనకు కొత్త కాదు. కాని బయానా ఇచ్చినవాడు సరుకు రాకున్న నిలదీయగలడు. ఇచ్చట చెల్లించునది బయానా కాదు, ఆనాటి పూర్తి వెల. ఈ ఆట ఇకముందు మారవచ్చును, మారకపోవచ్చును, ఇప్పుడున్న రూపము నచ్చనిచో వేచియుండుడు అను భావముగల హెచ్చరిక అట్టి ప్రతి ఆట పుటలోను ఉండును. దానిని చదువక దాటిపోవువారే ఎక్కువని నా అనుమానము.

ఇక పట్టిక సంగతి. ఇది అమ్ముడైన ప్రతుల సంఖ్యను బట్టి కాక, వచ్చిన సొమ్మును బట్టి ఏర్పడును. ఒక ఆట 1,000 రూపాయల చొప్పున 1,000 ప్రతులు అమ్మినదనుకొందము: రాబడి 10 లక్షలు. వేరొకటి 200 రూపాయల చొప్పున 4,000 ప్రతులు అమ్మినది: రాబడి 8 లక్షలు. నాలుగింతల మంది కొన్నను రెండవది క్రిందనే నిలుచును. ఆట లోపల కొనెడి వస్తువుల సొమ్ము కూడ లెక్కకు వచ్చుటచేత, ఉచితముగా ఇచ్చు ఆటలు సైతము పై వరుసలలో కనబడును. 2015 నుండి మన దేశమున రూపాయలలో ధరలు నిర్ణయించుచున్నారు. ఇచ్చట ధర తగ్గించిన ఆట విషయములో, ప్రపంచ పట్టికలో మన కొనుగోలు బరువు ఆ మేరకు తక్కువ. మరియు ఇది ఇటీవలి రాబడి మాత్రమే. వారపు పట్టిక మంగళవారము నుండి మంగళవారము వరకు వచ్చిన సొమ్మునే చూచును, నిరుటి అమ్మకములను లెక్కింపదు.

పట్టికలో పైకెక్కిన ఆట మరింత మంది కంటబడును. కంటబడినది మరింత అమ్ముడుపోవును. కావున స్థానము అమ్మకపు ఫలితమే కాక అమ్మకమునకు కారణము కూడ అగుచున్నది.

అసంపూర్ణ క్రీడల విషయములో అసలు చిక్కు ఇచ్చటనే కలదు. ముందుగా కొన్నవాడు ఆట పూర్తియైననాడు మరల డబ్బు చెల్లింపడు. అనగా పని ముగిసిన దినమున కొత్తవారి సొమ్మే లెక్కకు వచ్చును. డేజీ అను ఆట 2013 డిసెంబరులో విడుదలై నెల తిరుగకమునుపే 10 లక్షల ప్రతులు అమ్ముడుపోయినది. పూర్తియగుటకు మాత్రము 2018 డిసెంబరు వరకు, అయిదేండ్లు పట్టినది. సొమ్ము మొదటనే చేతికి వచ్చిన పిదప, నిర్మాతను పని ముగించుటకు పురికొల్పునది అతని పేరు ప్రతిష్ఠలే. బెల్జియము నిర్మాతల బాల్డర్స్ గేట్ 3 ఇందుకు మెచ్చదగిన ఉదాహరణము. 2020 అక్టోబరులో కథలోని మొదటి అంకమును మాత్రమే అమ్మి, 2023 ఆగస్టులో సంపూర్ణ క్రీడను అందించి మరల అగ్రస్థానము పొందినది. ఇట్టివి అన్నియు ఉండవు.

కొన్న 14 దినములలోపు, 2 గంటల కన్న తక్కువ ఆడియున్నచో, సొమ్ము తిరిగి కోరవచ్చునను నియమము 2015 నుండి కలదు. నేడున్నదేమో చూచుటకు రెండు గంటలు చాలును. రేపు రానిదేమో తెలియుటకు చాలవు. మా వసతిగృహ మిత్రుడొకడు పట్టికలోని స్థానమును చూచి, రెండు నెలల పాటు మిగిల్చిన డబ్బుతో అట్టి ఆట నొకదానిని కొనెను. చాలకాలముగా మార్పులేని ఎర్లీ యాక్సెస్ ఆట పుటలో, నిర్మాతలు దానిని చివరిసారి సవరించి ఎంత కాలమైనదో తెలుపు ప్రకటనను స్టీమ్ 2025 ఫిబ్రవరి నుండి చూపుచున్నది. అతడు కొన్ననాడు ఆ పుటలో అట్టి ప్రకటన లేదు. ఇప్పుడున్నది.